తిమ్మిరి చోటు

ఆ హాల్లో స్టేజీ మీద, డ్రమ్స్‌కి ఎడమ పక్కన, మనిషి రెండు కాళ్ళు ఆనించేంత చోటు ఒకటుంది. దానికి మంచి పేరు లేదు.

అక్కడ నిలబడినవాడు మూడో పాట దాటడు... అంటారు.

దాటకపోతే ఏమవుతుందయ్యా అని అడిగితే ఒక్కొక్కడిదీ ఒక్కో మాట. ఒకడికి మోకాళ్ళ దాకా చల్లబడి కాళ్ళు తిమ్మిరెక్కాయట, పాట మధ్యలో దబ్బున పడ్డాడట. ఇంకొకడికి కింద నుంచి ఎవరో చెక్కని తడుతున్నట్టు వినిపించిందట — టక్... టక్... టక్... వాడు గిటార్ అక్కడే పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడట. నేను చూడలేదు. విన్నవాళ్ళు చెప్పింది చెబుతున్నాను. ఉప్పూకారం వేసుంటే వాళ్ళే వేసుంటారు, నా పాపం లేదు.

చిక్కేమిటంటే, లావు తీగల బేస్ గిటార్ వాయించేవాడు మామూలుగా నిలబడేది సరిగ్గా అక్కడే. ఏ స్టేజీ అయినా చూడండి. పాడేవాళ్ళు ముందుంటారు, లైటు కింద. మామూలు గిటార్‌వాడు జుట్టు ఎగరేసుకుంటూ ఇంకో పక్క. బేస్‌వాడు మాత్రం వెనకాల, డ్రమ్స్‌వాడి ఎడమ చేతి దగ్గర, రెండు ఇత్తడి పళ్ళాలు ఒకదాని మీద ఒకటి మూతపడుతుంటాయే — హైహాట్ — దాని పక్కన. వాడికి జనంతో పని లేదు, పెద్ద డ్రమ్ము తొక్కే డ్రమ్స్‌వాడి కాలితో పని. ఆ కాలు పడినప్పుడే వీడి వేలు పడాలి. అవి రెండూ కలవకపోతే పాడేవాళ్ళు ఎంత గొంతు చించుకున్నా పాట కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుంది.

అంత అవసరమైన చోటుని ఆ హాల్లో అందరూ వదిలేశారు. దానికి 'తిమ్మిరి చోటు' అని పేరు కూడా పెట్టారు.

ఆ కథ చెప్పేది తాళాల తాత. హాలు చూసుకునే ముసలాయన, నడుముకి ఎప్పుడూ ఓ తాళాల గుత్తి. కొత్త బ్యాండు ఎవరొచ్చినా బేస్‌వాడిని పక్కకి పిలుస్తాడు, గొంతు తగ్గిస్తాడు.

"వెనకటికి ఓ బేస్‌వాడు... అక్కడే... పాట మధ్యలో ప్రాణం పోయింది నాయనా. నిలబడే పోయాడు. మిగతావాళ్ళు పాట పూర్తి చేశారు. జనం చప్పట్లు కొట్టారు. బేస్ ఆగిపోయిందని ఒక్కరికీ తెలియలేదు."

"ఒక్కరికీ?"

"డ్రమ్స్‌వాడికి తెలిసింది. వాడొక్కడికే."

ఈ కథ విని నవ్వినవాడు ఒకే ఒక్కడు. ఈ కథ చిన్నోడనే ఓ కుర్రాడిది; వాడి అన్నయ్య, అతనూ బేస్‌వాడే. "అంటే దెయ్యం కూడా మా జాతివాడే అన్నమాట. పక్కకి జరగమంటే జరుగుతాడులే తాతా, బేస్‌వాళ్ళు మర్యాదస్తులు" అని, వెళ్ళి అక్కడే నిలబడ్డాడు. మూడో పాట దాటాడు, ముప్ఫై పాటలు దాటాడు. ఆ హాల్లో ఎన్నిసార్లు వాయించినా అక్కడే.

ఆ అన్నయ్య పోయి ఆరు నెలలైంది. స్టేజీ మీద కాదు, ఇంట్లోనే. పొద్దున మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఒక పక్కకి ఒరిగాడు. రెండో బూటు తాడు చిన్నోడే ముడేశాడు, ఎందుకు వేశాడో వాడికే తెలియదు.

వాళ్ళది ఇంటి బ్యాండు. అక్క పాడుతుంది. అక్క మొగుడు, అంటే బావ, డ్రమ్స్. అన్నయ్య బేస్. అన్నయ్య పోయాక బేస్ చిన్నోడి మెడలో పడింది. నేర్పింది కూడా అన్నయ్యే కాబట్టి వేళ్ళకి పాటలన్నీ తెలుసు. గిటార్ వాయించే స్నేహితుడొకడు కూడా ఉన్నాడు గానీ, అతని గొడవ మనకొద్దు.

ఈ ఆరు నెలల్లో చిన్నోడు ఏడవలేదు. అందరూ ఏడ్చారు, అక్క గొంతు పోయేలా ఏడ్చింది, బావ గోడకి తల ఆనించి ఏడ్చాడు. వీడికి మాత్రం ఏదీ తగల్లేదు. పొద్దున కళ్ళద్దాల షాపుకి వెళ్ళేవాడు. వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేవాడు. అన్నం ఎదురుగా పెడితే తినేవాడు, పెట్టకపోతే గుర్తొచ్చేది కాదు. రాయిలా ఉన్నాడేంట్రా అని బంధువులు గుసగుసలాడారు. నిజమే అనుకున్నాడు. అది కూడా బాధనిపించలేదు.

స్టేజీ మీద అన్నయ్య చోట నిలబడటం వాడి వల్ల కాలేదు. ఏ ఊరు వెళ్ళినా ముందుకొచ్చి, అక్క పక్కన, డ్రమ్స్‌కి కుడి వైపున దూరంగా నిలబడేవాడు. ఎవరూ ఏమీ అనలేదు.

కానీ ఆ ఆరు నెలల నుంచీ బావ తాళం తప్పుతున్నాడు. పాట మొదట్లో బాగానే ఉంటుంది. రెండు చరణాలయ్యేసరికి ఓసారి పరుగు, ఓసారి నత్తనడక. పదిహేనేళ్ళుగా గడియారంలా వాయించిన మనిషి. దిగులు అనుకున్నారు మొదట. తరవాత తాగుతున్నాడేమో అనుకున్నారు. నోరు వాసన చూస్తే ఏమీ లేదు.

చివరికి అక్క ఓ మాట అనేసింది. ఆ సాయంత్రం హాలు వెనక గుమ్మం దగ్గర, చిన్నోడి చెయ్యి పట్టుకుని.

"ఇక లాభం లేదురా. వేరే డ్రమ్మర్‌తో మాట్లాడాను. ఇవాళ కూడా తప్పితే వచ్చే నెల నుంచి అతనే. మీ బావకి నువ్వు చెప్పు."

"నేనా?"

"నేను చెబితే ఎప్పుడు విన్నాడు గనక? నాలుగేళ్ళుగా పిలిస్తే పలకడు, అడిగితే చెప్పడు. గోడతో కాపురం చేస్తున్నా." అక్క ముక్కు తుడుచుకుంది. "డ్రమ్స్ లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడో అని భయంగా ఉందిరా. కానీ జనం నవ్వుతున్నారు. దాన్ని చూడలేను."

చిన్నోడు సరే అన్నాడు. బావ బతుకంతా పగలు రేకుల కార్ఖానాలో సుత్తి, సాయంత్రం డ్రమ్స్. ఆ రెండోది తనే లాక్కోబోతున్నాడని వాడికి తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు.

సామాను దించారు. డ్రమ్స్ కింద వేసే చెక్కబల్ల వాళ్ళదే, జానెడు ఎత్తు, బావ తన చేత్తో చేసుకున్నది. ఎక్కడికెళ్ళినా వ్యానులో వెంట రావాల్సిందే. దాని మీద పరిచిన తివాచీ ఎడమ అంచున ఒకచోట అరిగి, కింద చెక్క కూడా గుంట పడింది. ఎలక కొరికిందేమో అనుకునేవాడు చిన్నోడు, మోసినప్పుడల్లా.

బావ బల్లెక్కి కూర్చున్నాడు. హైహాట్ సర్దుకున్నాడు. చిన్నోడు ఎప్పటిలాగే అవతలి పక్కకి పోతుంటే చెయ్యెత్తి పిలిచాడు.

"ఒరేయ్ బామ్మర్దీ... ఇవాళ ఇటు నిలబడరా."

"ఎటు?"

బావ తన ఎడమ పక్క చూపించాడు. మొహంలో ఏదో అడుక్కుంటున్నట్టుంది. "ఈ ఒక్క రోజుకి" అన్నాడు.

తాళాల తాత స్టేజీ పక్క నుంచి గుత్తి గలగలలాడించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "వద్దు నాయనా! మీ అన్నయ్య సంగతి వేరు. ఇప్పుడు... ఇంట్లో ఒకరు పోయి ఏడాది కూడా కాలేదు. అక్కడ వద్దు."

చిన్నోడు ఆ చోటు వంక చూశాడు. నేల మీద పాత టేపు ముక్కలు రెండు, అడ్డంగా అంటించి ఉన్నాయి. అన్నయ్య అంటించినవి. దుమ్ము పట్టి నల్లబడ్డాయి.

భయం వేస్తుందేమో అని ఎదురుచూశాడు. వెయ్యలేదు. దెయ్యం వస్తే రానీ, కనీసం భయమైనా వేస్తుంది కదా అనుకున్నాడు. ఆరు నెలల తరవాత వాడు కావాలని కోరుకున్న మొదటి విషయం అది.

"పరవాలేదు తాతా" అన్నాడు. వెళ్ళి టేపు మీద నిలబడ్డాడు.

తాత తల కొట్టుకుంటూ ఎటో వెళ్ళిపోయాడు.

హాలు నిండింది. లైట్లు ఆరాయి... స్టేజీ మీదవి వెలిగాయి.

మొదటి పాట. బావ బాగానే ఎత్తుకున్నాడు. రెండో చరణం దగ్గర పరుగు మొదలుపెట్టాడు. చిన్నోడు వేళ్ళతో ఆపడానికి చూశాడు, కుదరలేదు. ముందు నుంచి ఎవరో ఈల వేశారు. అక్క వీపు బిగుసుకోవడం వెనక నుంచి కనిపించింది.

రెండో పాటకి పాదాలు చల్లబడ్డాయి.

ముందు వేళ్ళు. తరవాత అరికాళ్ళు. చలి బూట్లలోంచి పైకి పాకింది... పిక్కల దాకా... మోకాళ్ళ దాకా. పాట అయ్యేసరికి రెండు కాళ్ళూ తనవి కావు. గిల్లితే కూడా తెలిసేలా లేదు. సరే, లోపలున్నదే కాళ్ళకీ వచ్చింది అనుకున్నాడు చిన్నోడు.

బావ ఈసారి పాట ముగించడం కూడా తప్పాడు. అందరూ ఆగాక ఓ దెబ్బ మిగిలిపోయింది. జనంలో నవ్వు. బావ తల వంచుకుని కర్రల వంక చూసుకున్నాడు. చెవుల దాకా చెమట.

మూడో పాట.

ఇది అన్నయ్యకి ఇష్టమైంది. నెమ్మదిగా నడుస్తుంది, తప్పితే పసివాడికైనా తెలిసిపోతుంది. చిన్నోడు తీగ మీద వేలు పెట్టాడు.

టక్.

కాళ్ళకి తెలియలేదు, కాళ్ళు ఎప్పుడో పోయాయి. పొట్టకి ఆనించిన గిటార్ చెక్కకి తెలిసింది.

టక్... టక్... టక్...

నెమ్మదిగా, తొందర లేకుండా. పాటకంటే వేరు లెక్క కాదు. అదే లెక్క. పాట ఎలా నడవాలో సరిగ్గా అలాగే.

చిన్నోడు కిందికి చూశాడు. తన రెండు పాదాలూ టేపు మీద పాతేసినట్టున్నాయి. బల్ల అంచు తనకి అడుగున్నర దూరం. అక్కడ ఎవరూ లేరు.

తల తిప్పి బావని చూశాడు.

బావ జనాన్ని చూడట్లేదు, చిన్నోడి వేళ్ళనీ చూడట్లేదు. ఎడమ పక్కకి, బల్ల అంచు వైపు వంగి ఉన్నాడు. కళ్ళు సగం మూసుకుని... నవ్వుతున్నాడు.

డ్రమ్ము మీద బావ కాలు పడుతోంది చూడండి — అబ్బ! గడియారం కూడా సిగ్గుపడాలి. చిన్నోడి వేలు దానంతట అదే పోయి అందులో కూర్చుంది. అక్క పాడుతూ పాడుతూ వెనక్కి తిరిగి చూసింది. ఆ పాట, తరవాతి పాట, ఆ తరవాత పది పాటలు. ఒక్క దెబ్బ అటూ ఇటూ పోలేదు. చివరికి జనం లేచి నిలబడ్డారు.

లైట్లు వెలిగాయి. చిన్నోడు ఒక అడుగు వెయ్యబోయి కూలబడ్డాడు. కాళ్ళు లేవట్లేదు. తాళాల తాత వచ్చి చంకల కింద చేతులేసి లేపాడు. బల్లకి ఆనించి కూర్చోబెట్టాడు.

"తాతా... అక్కడ నిజంగానే ఉంది" అన్నాడు చిన్నోడు మెల్లగా.

తాత అటూ ఇటూ చూశాడు. జనం వెళ్ళిపోతున్నారు. చేతిలో గుత్తి విప్పి, ఓ పొడుగు తాళం చెవితో నేల చెక్క అంచు ఎత్తి పట్టుకున్నాడు.

"చూడు."

కింద ఒక లావు రేకు గొట్టం. చల్లగాలి మిషన్‌ది. సరిగ్గా ఆ చెక్క కింద అతుకు ఊడిపోయి, గాలి బుస్సుమని పైకి కొడుతోంది.

"అదీ నీ తిమ్మిరి. మూడు పాటలసేపు దీని మీద నిలబడితే ఏనుగుకైనా కాళ్ళు పడిపోతాయి. మీ అన్నయ్య బతికిపోయాడంటే ఒక్కచోట నిలబడేవాడు కాదు, ఎప్పుడూ కాలాడిస్తూ ఉండేవాడు. పైగా ఈ చెక్క పుచ్చిపోయింది. జాగ్రత్తగా నిలబడండి బాబూ అంటే ఒక్కడు వినడు. దెయ్యం ఉందంటే చచ్చినట్టు వింటారు."

"మరి ఆ బేస్‌వాడు? నిలబడే చచ్చిపోయినవాడు?"

"నేనే కల్పించా" అన్నాడు తాత, కాస్త గర్వంగానే. "పాడేవాడు చచ్చాడంటే ఏ పాటగాడని ఆరాలు తీస్తారు. బేస్‌వాడంటే ఎవడూ పేరు కూడా అడగడు."

చిన్నోడికి నవ్వొచ్చినట్టయింది, రాలేదు.

"మరి టక్ టక్?"

"పుచ్చు చెక్క కదా, వదులుగా ఉంది. డ్రమ్స్ అదురుకి కొట్టుకుంటుంది" అని, తాత గడ్డం గోక్కున్నాడు. "కానీ ఇవాళ కొట్టుకోకూడదే... నువ్వు మాట వినలేదని, కచేరీ మొదలయ్యే ముందు కిందికి దూరి నాలుగు ఇటుకలు బిగించి వచ్చానుగా."

ఇద్దరూ ఓసారి ఇటుకల వంక చూశారు. బిగుతుగానే ఉన్నాయి.

తాత చెక్క మూసేశాడు. "హాలు తాళం వెయ్యాలి, తొందరగా కానివ్వండి" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంత వేగంగా నడవడట.

బావ ఇంకా స్టూలు దిగలేదు. కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఏరా," అన్నాడు. "మీ అన్నయ్య నీకెప్పుడు చెప్పాడు?"

"ఏది బావా?"

"మడమ సంగతి."

చిన్నోడికి అర్థం కాలేదు.

"నాకు ఎడమ చెవి పోయి నాలుగేళ్ళయిందిరా. కుడిది సగం. రేకుల చప్పుడు, ఈ డ్రమ్స్ చప్పుడు... మొత్తానికి పోయింది. స్టేజీ మీద అంతా ఒకటే హోరు, నాకేదీ విడిగా తెలియదు. వాడొక్కడికే చెప్పాను. మీ అక్కకి చెబితే మాన్పించేస్తుందని." బావ బల్ల ఎడమ అంచు చూపించాడు, తివాచీ అరిగి గుంటపడిన చోట. "వాడిక్కడ కుడి మడమ వేసి తొక్కేవాడు. ఆ దెబ్బ చెక్కలోంచి నా స్టూలుకి, స్టూల్లోంచి నా నడుముకి. నాలుగేళ్ళూ అలాగే వాయించానురా. చెవితో కాదు."

చిన్నోడు ఆ గుంట వంక చూశాడు. ఎలక కాదు.

"వాడు పోయాక నువ్వు అటు పోయి నిలబడ్డావు. ఇటు రారా అని అడగడానికి నాకు ఆరు నెలలు నోరు రాలేదు. ఇవాళ మీ అక్క గుమ్మం దగ్గర నీతో మాట్లాడుతుంటే పెదాలు చదివాను. చెవిటివాడికి అదొక్కటీ బాగా వస్తుంది. ఇదే ఆఖరని తెలిసింది. కనీసం నీ వేళ్ళయినా కనపడతాయని ఇటు పిలిచా. మొదటి రెండు పాటలూ ఏమీ లేదు... ఇక అయిపోయింది అనుకున్నా. మూడో పాటకి వేశావు చూడు మడమ! అచ్చం వాడిలాగే. ఆ బరువు, ఆ నిదానం. నువ్వే వేశావని తెలుసు, అయినా ఒక్క క్షణం... నేను తలెత్తి చూడలేదురా. చూస్తే వాడు కాదని తెలిసిపోతుందని."

చిన్నోడి వీపు మీద వెంట్రుకలు లేచాయి. తన పాదాలు టేపు దాటలేదు. కదిలించాలన్నా కదిలేవి కావు.

నోరు తెరిచాడు. బావ కళ్ళలోకి చూశాడు.

"అవును బావా," అన్నాడు. "అన్నయ్యే చెప్పాడు."

అప్పుడు మొదలైంది. పాదాల్లో సూదులు. వందల సూదులు, వేలు వేలుకీ, పిక్కల్లోంచి మోకాళ్ళలోకి. తిమ్మిరి వదులుతోంది. ఎంత నొప్పంటే చిన్నోడు రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని వంగిపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కారి కారి ఆగలేదు. "అన్నయ్యా" అన్నాడు ఓసారి, చిన్నపిల్లాడిలా. ఆరు నెలల ఏడుపంతా ఆ బల్ల అంచు మీద ఏడ్చాడు. బావ వాడి తల మీద చెయ్యేసి ఉంచాడు.

అక్క ఎప్పుడొచ్చిందో, స్టేజీ మెట్ల దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాలుగేళ్ళు," అంది. "నాలుగేళ్ళుగా మాట వినట్లేదని నేను తిట్టిన తిట్లన్నీ..."

"సగమే వినపడ్డాయిలే" అన్నాడు బావ.

అక్క ఏడుస్తూనే నవ్వింది. వచ్చి బావ వీపు మీద ఒక్కటిచ్చింది, గట్టిగా. ఆ తరవాత ఆ చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు. వేరే డ్రమ్మర్ మాట మళ్ళీ ఆ ఇంట్లో వినపడలేదని చెబుతారు.

చిన్నోడు మొహం తుడుచుకుని లేచాడు. కాళ్ళు వణుకుతున్నా నిలబడ్డాయి.

"బావా, వచ్చే కచేరీకి తప్పకూడదు కదా. ఒక్కసారి చూడు, ఎలా ఉందో చెప్పు" అన్నాడు. బల్ల దగ్గరికి జరిగి, జీవితంలో మొదటిసారి, ఆ గుంటలో కుడి మడమ పెట్టాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది.

టక్. టక్. టక్.

బావ కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులూ స్టూలు అంచు మీద పెట్టి, కాసేపు అలాగే ఉన్నాడు. తరవాత తల అడ్డంగా ఊపాడు.

"అలా కాదురా," అన్నాడు. "ఇందాక వేసినట్టు వెయ్యి."